పన్నెండు నెలలు – పద్దెనిమిది విజయాలు

ఆట అనగానే ఎదురెదురుగా నిలిచిన ఇద్దరు ప్రత్యర్థులు మన మనసులో మెదలుతారు. కబడ్డీలో కూతకు వెళ్ళినవాణ్ణి పట్టుకోవడానికి ఎదుటి జట్టు కాచుకొని ఉంటుంది. క్రికెట్‌లో బంతి విసిరేవాడు ఒకడు, దానిని ఎదుర్కొనేవాడు మరొకడు. చదరంగంలో ఒకరి ఎత్తుకు మరొకరు పైఎత్తు వేస్తారు. గోల్ఫ్ క్రీడ వీటన్నింటికంటె భిన్నమైనది. ఇందులో ఒకరి బంతిని మరొకరు తాకరు. ఒకరి దారికి మరొకరు అడ్డురారు. బంతి కదలక నేలమీద ఉంటుంది. దానిని ఎప్పుడు, ఎలా, ఎంత బలంగా కొట్టాలన్నది పూర్తిగా ఆటగాని చేతిలోనే ఉంటుంది. అందువల్ల తప్పు జరిగితే నింద మోపడానికి మరొకరు దొరకరు. ఈ ఏకాంతమే గోల్ఫ్‌లోని కష్టం, అందులోని సొగసు కూడా.

గోల్ఫ్ మైదానం విశాలమైన పచ్చిక బయలు. అందులో సాధారణంగా పద్దెనిమిది గుంటలు ఉంటాయి. ఒక్కొక్క గుంట వెడల్పు సుమారు పదకొండు సెంటీమీటర్లు మాత్రమే. వందల గజాల దూరం నుండి బంతిని కర్రతో కొట్టుకుంటూ వచ్చి చివరకు ఆ చిన్న గుంటలో పడవేయాలి. మార్గమధ్యంలో చెట్లు, ఇసుక గోతులు, నీటి మడుగులు ఆటగాణ్ణి పరీక్షిస్తాయి. ఒక్కొక్క గుంటకు నిపుణుడైన ఆటగానికి ఎన్ని దెబ్బలు పట్టవచ్చునో ముందుగా నిర్ణయిస్తారు. ఆ సంఖ్యను ‘పార్’ అంటారు. పద్దెనిమిది గుంటలకు కలిపి పార్ ఇంచుమించు డెబ్బైరెండు ఉంటుంది. మిగిలిన ఆటలలో ఎక్కువ సాధించినవాడు విజేత కాగా, గోల్ఫ్‌లో తక్కువ దెబ్బలతో ముగించినవాడే విజేత. పెద్ద పోటీలలో మైదానాన్ని నాలుగుసార్లు చుట్టి, మొత్తం డెబ్బైరెండు గుంటలు ఆడతారు.

ఈ ఆటనే జీవనోపాధిగా చేసుకొన్నవారు వృత్తి క్రీడాకారులు. వీరు ఏడాది పొడవునా ఊరూరా తిరుగుతూ వరుసగా పోటీలలో పాల్గొంటారు. ఈ వరుసకే ‘టూర్’ అని పేరు. మన దేశంలో 2006లో ఏర్పడిన ‘ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియా’ ఇటువంటి పోటీలను నిర్వహిస్తున్నది. టూర్‌లో ఆడేవారికి నెలజీతం ఉండదు. మంచి స్థానం దక్కిన వారం బహుమతి వస్తుంది. దక్కని వారం ప్రయాణపు ఖర్చు, బస ఖర్చు మీదపడతాయి. అందువల్ల ఒక్క వారం బాగా ఆడడం వేరు, ఒక ఏడాది అంతటా బాగా ఆడడం వేరు. మొదటిది ప్రతిభకు పరీక్ష అయితే రెండవది స్వభావానికి పరీక్ష. ఈ రెండవ పరీక్షలో ఇంతవరకు ఎవరూ అందుకోలేని స్థాయిలో నెగ్గినవాడు అమెరికా దేశీయుడైన బైరన్ నెల్సన్. అతడు ఆ ఘనత సాధించిన సంవత్సరం 1945.

నెల్సన్ 1912 ఫిబ్రవరి 4వ తేదీన టెక్సాస్ రాష్ట్రంలోని వాక్సహాచీ ప్రాంతంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. బాల్యంలో టైఫాయిడ్ జ్వరం సోకి మృత్యుముఖం దాకా వెళ్ళివచ్చాడు. కుటుంబం ఫోర్ట్‌వర్త్ నగరానికి చేరిన తరువాత అక్కడి గ్లెన్ గార్డెన్ క్లబ్బులో ‘క్యాడీ’గా చేరాడు. ఆటగాళ్ళ కర్రల సంచిని మోస్తూ వారి వెంట నడిచే కుర్రవాళ్ళను క్యాడీలంటారు. అదే క్లబ్బులో అదే పని చేస్తున్న మరొక పేద బాలుడు బెన్ హోగన్. 1927లో క్యాడీల కోసం జరిగిన పోటీలో వీరిద్దరూ సమానంగా నిలువగా, మళ్ళీ ఆడించినప్పుడు నెల్సన్ ఒకే ఒక్క దెబ్బ తేడాతో గెలిచాడు. సంచులు మోసిన ఈ ఇద్దరు బాలురూ తరువాతి కాలంలో ప్రపంచ గోల్ఫ్ చరిత్రలోనే అగ్రగణ్యులు కావడం విశేషం.

నెల్సన్ 1932లో వృత్తి క్రీడాకారుడయ్యాడు. టెక్సార్కానా పట్టణంలో ఆడిన తొలి పోటీలో మూడవ స్థానం పొంది 75 డాలర్లు సంపాదించాడు. అది ఆర్థికమాంద్యం అమెరికాను కుదిపివేస్తున్న కాలం. గోల్ఫ్‌లోనూ ఒక పెద్ద మార్పు జరుగుతున్న కాలం. అంతవరకు కర్రల పిడులను హికరీ అనే చెట్టు కొయ్యతో చేసేవారు. కొట్టేటప్పుడు ఆ కొయ్య మెలితిరిగేది. ఆ మెలికను సరిచేయడానికి ఆటగాడు మణికట్టును తిప్పవలసి వచ్చేది. ఆ తిప్పడంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా బంతి దారి తప్పేది. ఉక్కు పిడులు వచ్చాక మెలితిరగడం తగ్గింది. అయినా చాలామంది పాత అలవాటు ప్రకారమే కొట్టసాగారు. పనిముట్టు మారినప్పుడు పనితీరు కూడా మారాలని గ్రహించినవారిలో నెల్సన్ ముఖ్యుడు. అతడు మణికట్టు కదలికను తగ్గించి, నడుము, కాళ్ళ బలంతో బంతిని కొట్టే పద్ధతిని సాధన చేశాడు. ఆ పద్ధతి ఎంత నిలకడైనదంటే, తరువాతి కాలంలో గోల్ఫ్ కర్రలను, బంతులను పరీక్షించడానికి తయారుచేసిన యంత్రానికి ‘ఐరన్ బైరన్’ అని అతని పేరే పెట్టారు.

1937లో మాస్టర్స్, 1939లో యు.ఎస్. ఓపెన్, 1940లో పి.జి.ఎ. ఛాంపియన్‌షిప్, 1942లో మరల మాస్టర్స్ గెలిచి నెల్సన్ ప్రఖ్యాతుడయ్యాడు. ఇంతలో రెండవ ప్రపంచయుద్ధం అమెరికాను చుట్టుముట్టింది. గాయమైతే రక్తం త్వరగా గడ్డకట్టని లోపం ఉన్నందున సైన్యం అతనిని చేర్చుకోలేదు. తనవలెనే సైన్యానికి అర్హత పొందని సహచరుడు జగ్ మెక్‌స్పాడెన్‌తో కలిసి అతడు రెడ్‌క్రాస్ నిధుల కోసం దేశమంతటా ప్రదర్శన పోటీలు ఆడాడు.

1944లో నెల్సన్ ఎనిమిది పోటీలు గెలిచి, బహుమతుల సంపాదనలో అందరికంటె ముందు నిలిచాడు. మరొకరైతే ఆ కీర్తితో తృప్తి చెందేవారు. నెల్సన్ మాత్రం తాను ఆడిన ఆటల వివరాలు రాసుకొన్న నోటుపుస్తకం ముందు వేసుకొని కూర్చున్నాడు. ఏ దెబ్బ ఎక్కడ చెడిందో పరిశీలించాడు. ఆ పుస్తకంలో రెండే మాటలు పదేపదే కనిపించాయి. మొదటిది, గుంటకు దగ్గరగా వచ్చాక కొట్టే చిన్న దెబ్బలో లోపం. రెండవది, అజాగ్రత్తగా కొట్టిన దెబ్బ. మొదటిది చేతి లోపం, దానిని సాధనతో దిద్దుకోవచ్చు. రెండవది మనసు లోపం. రానున్న ఏడాదిలో ఒక్క దెబ్బనైనా అజాగ్రత్తగా కొట్టకూడదని అతడు నిశ్చయించుకొన్నాడు.

మహాభారతంలో ద్రోణుడు పరీక్ష పెట్టినప్పుడు అర్జునునికి చెట్టు, కొమ్మలు, ఆకులు కనిపించలేదు; పక్షి తల మాత్రమే కనిపించింది. ఏకాగ్రతకు మనం చెప్పుకొనే ఉదాహరణ అదే. అయితే అర్జునుడు నాడు విడువవలసినది ఒక్క బాణం. నెల్సన్ తనకు తాను పెట్టుకొన్న పరీక్షలో ఏడాది పొడవునా వేలకొద్దీ దెబ్బలున్నాయి. ప్రతి దెబ్బా మొదటి దెబ్బే అన్నంత శ్రద్ధగా కొట్టాలి. 1945 సంవత్సరపు మహత్త్వమంతా ఇక్కడే ఉంది.

ఆ ఏడాది మార్చిలో మయామీ నగరంలో ఇద్దరిద్దరు జంటగా ఆడే పోటీలో మెక్‌స్పాడెన్‌తో కలిసి నెల్సన్ గెలిచాడు. అది ఒక పరంపరకు నాంది అని అప్పుడెవరికీ తెలియదు. తరువాత షార్లెట్‌లో అప్పటి మేటి ఆటగాడు శామ్ స్నీడ్‌తో సమానంగా నిలిచాడు. తేల్చడానికి మరల పద్దెనిమిది గుంటలు ఆడించినా ఇద్దరూ సమానమే. ఇంకొకసారి ఆడించగా నెల్సన్ గెలిచాడు. ఆపై గ్రీన్స్‌బరో, డర్హామ్, అట్లాంటా, మాంట్రియల్ పోటీలు వరుసగా అతని వశమయ్యాయి. ఫిలడెల్ఫియాలో మిత్రుడు మెక్‌స్పాడెన్ చేతికి విజయం చిక్కినట్లే కనిపించింది. నెల్సన్ చివరి ఆరు గుంటలలో ఐదింటిని పార్ కంటె ఒక్కొక్క దెబ్బ తక్కువలో ముగించి ఆ పోటీని కూడా గెలుచుకొన్నాడు. షికాగోలో ఎనిమిదవ విజయం లభించింది.

తొమ్మిదవది ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో జరిగిన పి.జి.ఎ. ఛాంపియన్‌షిప్. అప్పట్లో ఆ పోటీని ఇద్దరిద్దరు ముఖాముఖిగా ఆడేవారు. ఒక్కసారి ఓడితే ఇంటిదారి పట్టవలసినదే. రెండవ అంచెలో మైక్ టర్నీసా అనే ఆటగానితో నెల్సన్ తలపడ్డాడు. నాలుగు గుంటలు మాత్రమే మిగిలి ఉండగా నెల్సన్ రెండు గుంటలు వెనుకబడి ఉన్నాడు. పరంపర ముగిసినట్లేనని చూపరులు అనుకొన్నారు. తరువాతి రెండు గుంటలను పార్ కంటె ఒక్కొక్క దెబ్బ తక్కువలోను, మూడవదానిని రెండు దెబ్బలు తక్కువలోను ముగించి, చివరిదానిని నిలుపుకొని, ఒకే ఒక్క గుంట ఆధిక్యంతో అతడు బయటపడ్డాడు. ఆ పోటీ తుదిసమరంలో శామ్ బిర్డ్‌ను ఓడించాడు. పిదప షికాగో సమీపంలోని టామ్ ఓషాంటర్ పోటీని పదకొండు దెబ్బల తేడాతో గెలిచాడు. ఆగస్టు మొదటివారంలో కెనడియన్ ఓపెన్‌ను కూడా గెలుచుకోవడంతో వరుస విజయాలు పదకొండయ్యాయి.

విజయాలు పెరిగినకొద్దీ భారమూ పెరిగింది. వెళ్ళిన ప్రతి ఊరిలో విలేకరులు అడిగే ప్రశ్న ఒక్కటే. ఆట మొదలుకాకముందే అతనికి కడుపులో వికారం పుట్టేది. చూసేవారికి యంత్రంవలె కనిపించిన ఆటగాడు లోలోపల ఎంత నలిగిపోయాడో దీనివల్ల తెలుస్తుంది. ఆగస్టులోనే మెంఫిస్‌లో జరిగిన పోటీలో ఫ్రెడ్ హాస్ అనే ఔత్సాహిక క్రీడాకారుడు విజేత కావడంతో ఆ పరంపర ముగిసింది.

పరంపర ముగిసినా సంవత్సరం ముగియలేదు. సైన్యం నుండి తిరిగివచ్చిన బెన్ హోగన్ పోర్ట్‌లాండ్‌లో డెబ్బైరెండు గుంటలను 261 దెబ్బలలో ముగించి, పద్నాలుగు దెబ్బల తేడాతో నెల్సన్‌ను ఓడించాడు. కొద్దిరోజులకే సియాటిల్‌లో నెల్సన్ 259 దెబ్బలతో గెలిచి ఆ రికార్డును చెరిపివేశాడు. డిసెంబరులో ఫోర్ట్‌వర్త్ పోటీలో గెలుపొందడంతో ఆ ఏడాది అతని విజయాల సంఖ్య పద్దెనిమిదికి చేరింది. ఆ పోటీ జరిగిన మైదానం మరేదో కాదు, బాల్యంలో అతడు ఇతరుల సంచులు మోసిన గ్లెన్ గార్డెన్!

ఈ ఘనతను శంకించినవారూ లేకపోలేదు. మేటి ఆటగాళ్ళు పలువురు యుద్ధంలో ఉండగా గెలవడం గొప్పా అని వారి ప్రశ్న. యుద్ధం వల్ల ఆ ఏడాది మాస్టర్స్, యు.ఎస్. ఓపెన్ పోటీలు జరగలేదన్నదీ నిజమే. అయితే స్నీడ్ ఆ ఏడాది పోటీలలో ఆడాడు. తానూ ఆరు పోటీలు గెలిచాడు. హోగన్ ఏడాది చివరి భాగంలో వచ్చి చేరాడు. అంతేకాదు, గోల్ఫ్‌లో ఆటగాడు పోరాడేది ప్రధానంగా మైదానంతో. ఆ ఏడాది నెల్సన్ ఒక్కొక్క ఆటకు వెచ్చించిన సగటు దెబ్బలు 68.33. ప్రత్యర్థి బలహీనుడైనంత మాత్రాన బంతి గుంటకు దగ్గర కాదు కదా! ఈ సగటును 2000 సంవత్సరంలో టైగర్ వుడ్స్ అధిగమించేదాకా ఎవరూ దాటలేదు. పదకొండు వరుస విజయాల రికార్డు మాత్రం నేటికీ చెక్కుచెదరలేదు. 2006–07లలో ఏడు వరుస విజయాలు సాధించిన వుడ్స్ మాత్రమే దాని దరిదాపులకు రాగలిగాడు.

మరొక సత్యాన్ని కూడా మరువరాదు. వృత్తి క్రీడాకారుల సంఘం నిబంధనల ప్రకారం నాడు నల్లజాతివారికి సభ్యత్వం లేదు. ఆ నిబంధనను తొలగించినది 1961లో. నెల్సన్ ప్రతిభను ఇది తగ్గించదు. కాని ఎందరు ప్రతిభావంతులకు నాడు మైదానపు ద్వారాలు మూసి ఉన్నాయో గుర్తుచేస్తుంది. చరిత్రను చదివేటప్పుడు గెలిచినవారినే కాక, ఆడే అవకాశమే దక్కనివారిని కూడా తలచుకోవడం న్యాయం.

నాడు బహుమతులను నగదుగా కాక యుద్ధబాండ్ల రూపంలో ఇచ్చేవారు. ఆ ఏడాది నెల్సన్‌కు లభించిన బాండ్ల విలువ సుమారు 63 వేల డాలర్లు. అతని దృష్టిలో అవి డాలర్లు కావు. సొంతంగా ఒక పశుక్షేత్రం కొనాలన్నది ఆ రైతుబిడ్డ చిరకాలవాంఛ. గెలిచిన ప్రతి బహుమతీ అతనికి ఒక ఎకరంగానో, ఒక ఆవుగానో కనిపించేది. అప్పు చేయకుండా టెక్సాస్‌లోని రొనోక్ వద్ద భూమి కొన్నాడు. 1946లో, ముప్పైనాలుగేళ్ళ వయసులో, కీర్తిశిఖరం మీద ఉండగానే టూర్ నుండి విరమించి, భార్య లూయీస్‌తో అక్కడ స్థిరపడ్డాడు. తరువాతి తరం ఆటగాళ్ళకు మెళకువలు నేర్పుతూ, అందరి మన్ననలు పొందుతూ, 2006 సెప్టెంబరు 26న తొంభైనాలుగేళ్ళ వయసులో ఆ నేలమీదనే కన్నుమూశాడు.

పద్దెనిమిది విజయాలు మనకు సాధ్యం కాకపోవచ్చు. కాని ఏడాది చివర తన తప్పులను తానే రాసుకొని, వాటిలో చేతి లోపమేదో మనసు లోపమేదో విడదీసి చూసుకోవడం ఎవరికైనా సాధ్యమే. నెల్సన్ విజయాలు మైదానంలో కనిపించాయి. అవి మొలకెత్తినది మాత్రం ఆ చిన్న నోటుపుస్తకంలో.