క్రోబో అమ్మాయిలకు అన్ని పూసలెందుకు?

ఆఫ్రికాలోని ఘనా దేశంలో క్రోబో ప్రజలు జరుపుకునే వేడుక పేరు దీపో. ఆడపిల్ల ఇక పెద్దదైందని, క్రోబో స్త్రీగా తనకూ చోటుందని ఊరంతా గుర్తించే సందర్భం ఇది.

ఎలా చేస్తారు?
ముందు జుట్టు తీయిస్తారు. పెద్దవాళ్లు దగ్గరుండి ధాన్యం విసరడం, క్లామా నాట్యం నేర్పుతారు. పవిత్రంగా భావించే రాయి మీద కూర్చోబెడతారు. చివర్లో మెడనిండా, నడుంనిండా పూసలతో అమ్మాయిలు ఊరి ముందు నెమ్మదిగా అడుగులేస్తూ నాట్యం చేస్తారు.

పూసలే ఎందుకు?
అమ్మమ్మల నుంచి మనవరాళ్లకు అందే ఆస్తి అవి. కొత్తవాటిని పాత గాజు సీసాలతో చేస్తారు! గాజుపొడిని మట్టి అచ్చుల్లో పోసి, మధ్యలో కర్రపెండలం ఆకు కాడ గుచ్చి, బట్టీలో కాలుస్తారు. కాడ కాలిపోతుంది, దారం దూరేందుకు రంధ్రం మిగులుతుంది. ఆ దారంలోనే తరాల ప్రేమ కూడా చేరుతుంది.