ఇల్లు చక్కబెట్టుకునే వేళ

జ్ఞాపకార్థ కూడిక ముగిసింది. వచ్చినవారికి భోజనాలు వడ్డిస్తున్నారు. ప్రభువునందు నిద్రించిన ఆ సహోదరుని తల్లి మమ్మల్ని వరండాలోకి పిలిచి మెల్లగా అడిగింది: "అయ్యగారూ, ఈ ఇంట్లో నాకు వాటా ఏమైనా ఉంటుందా?"

ఆమెకు డెబ్బై దాటాయి. భర్త పోయినప్పుడు చేతికి వచ్చిన డబ్బంతా కొడుక్కే ఇచ్చింది. ఆ డబ్బుతోనే స్థలం కొన్నారు, ఇల్లు లేచింది. రిజిస్ట్రేషన్ మాత్రం కొడుకు పేరున జరిగింది. తల్లీకొడుకుల మధ్య కాగితాలెందుకు అనుకున్నారు. ఆ కొడుకు నలభై మూడేళ్లకే గుండెపోటుతో వెళ్లిపోయాడు. విల్లు రాయలేదు.

ఆ రోజు మేము జవాబు చెప్పలేదు. వకీలుగారిని అడిగి, వారం తర్వాత వెళ్లి చెప్పాల్సి వచ్చింది. చట్టప్రకారం ఆమెకు వాటా లేదు.

మన సంఘాల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. ఇరుగుపొరుగు హిందూ కుటుంబాల్లో చూసినదే మనకూ వర్తిస్తుందనుకుంటాము. తాత ఆస్తిలో మనవడికి పుట్టుకతోనే హక్కు ఉంటుందనీ, తల్లికి ఎలాగూ ఒక భాగం వస్తుందనీ నమ్ముతాము. క్రైస్తవుల ఆస్తి పంపకం 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం ప్రకారం జరుగుతుంది. విల్లు లేకుండా భర్త చనిపోతే భార్యకు మూడోవంతు, మిగిలిన రెండువంతులు పిల్లలకు. కొడుకైనా కూతురైనా సమానమే. పిల్లలు ఉన్నంతవరకు తల్లిదండ్రులకు ఏమీ రాదు. 2007లో వచ్చిన చట్టం కింద వృద్ధులైన తల్లిదండ్రులు పిల్లల నుండి పోషణ కోరవచ్చు గానీ, అది ఆస్తిలో వాటా కాదు. ఒక్క కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి ఉంటే ఆ తల్లి ఎవరినీ ఏమీ అడగనక్కరలేకపోయేది.

ప్రతి ఆదివారం మరణాన్ని గురించి, నిత్యత్వాన్ని గురించి ప్రసంగించే మేము విల్లును గురించి ఏనాడూ మాట్లాడలేదు. ఆ తప్పు మాదే. ఇంట్లో విల్లు మాట ఎత్తితే చావును పిలిచినట్లు భావించే అలవాటు విశ్వాసులకూ ఉంది. కానీ బైబిలులో పితరులు ఈ పని వెనకేసుకోలేదు. అబ్రాహాము తనకున్నదంతా ఇస్సాకుకు ఇచ్చాడు. తక్కిన కుమారులకు మాత్రం తాను బ్రదికి ఉండగానే బహుమానాలిచ్చి పంపివేశాడు. తర్వాత జరగాల్సినదీ, ఇప్పుడే జరగాల్సినదీ వేరువేరని ఆయనకు తెలుసు. గలతీ పత్రిక నాలుగవ అధ్యాయం మొదట్లో పౌలు ఒక పోలిక చెబుతాడు: వారసుడు ఆస్తికంతటికీ యజమానుడే అయినా, బాలుడుగా ఉన్నంతకాలం తండ్రి నిర్ణయించిన గడువు వరకు సంరక్షకుల, గృహనిర్వాహకుల చేతికింద ఉంటాడు. ఈనాడు వకీళ్లు ట్రస్టు అని పిలిచేది దాదాపు ఇదే.

మళ్లీ ఆ ఇంటికి వద్దాము. చనిపోయిన సహోదరునికి ఇద్దరు పిల్లలు. పెద్దది అమ్మాయి, అప్పటికి పద్నాలుగేళ్లు. రెండోవాడు తొమ్మిదేళ్లవాడు, పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. అంటే ఆ ఇల్లు ముగ్గురికి సమానంగా మూడోవంతు చొప్పున వచ్చింది. అందులో ఇద్దరు మైనర్లు. వారి వాటా అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలి. భార్య నర్సు, ధైర్యం గల మనిషి. "అత్తయ్యా, మీరు ఎక్కడికీ వెళ్లరు, ఈ ఇల్లు మీదే" అని మా ముందే చెప్పింది. ఆ తర్వాత మమ్మల్ని అడిగిన ప్రశ్న మాత్రం మాకు నిద్రపట్టనివ్వలేదు. "అయ్యగారూ, రేపు నాకేమైనా అయితే బాబును ఎవరు చూస్తారు? ఆస్తి వాడి పేరున రాస్తే వాడు సంతకమైనా పెట్టలేడు. అమ్మాయి పేరున రాస్తే దాని పెళ్లయ్యాక ఎలా ఉంటుందో!"

విల్లు ఒక్కటే ఈ ప్రశ్నకు జవాబివ్వదు. ఆస్తి ఎవరికి చెందాలో విల్లు చెబుతుంది. రాసినవారు కన్నుమూసిన తర్వాతే అది పనిచేస్తుంది, ఆస్తిని అప్పగించి తప్పుకుంటుంది. ఆస్తిని పట్టుకొని ఏళ్లతరబడి నెలనెలా ఖర్చుపెట్టవలసిన పని ట్రస్టుది. ట్రస్టులో ఆస్తి ట్రస్టీల పేరున ఉంటుంది, దాని ఫలం మాత్రం లబ్ధిదారునిది. 1882 నాటి ట్రస్టుల చట్టం ప్రకారం ట్రస్టీ ఆ ఆస్తితో తన సొంత లాభం చూసుకోకూడదు, లెక్కలు రాయాలి. బ్రదికి ఉండగానే ఇల్లో పొలమో ట్రస్టులో పెడితే దస్తావేజు రిజిస్టరు చేయించాలి, స్టాంపు ఖర్చు పడుతుంది. విల్లులోనే ట్రస్టును ఏర్పాటు చేస్తే ఆ రిజిస్ట్రేషన్ అక్కరలేదు. అయితే అలాంటి ట్రస్టు మరణం తర్వాతే మొదలవుతుంది. ఒకసారి ట్రస్టుకు ఇచ్చేసిన ఆస్తిని మళ్లీ విల్లులో ఇంకొకరికి రాస్తే చెల్లదు. అందుకే ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకొని రాయించాలి.

ఆమె చివరకు చేసింది ఇది. అత్తగారి కోసం విల్లు రాయలేదు. కోడలు ముందుగా పోతేనే ఆ విల్లు పనికొస్తుంది గనుక, తన వాటాలో అత్తగారు జీవితకాలం నివసించే హక్కునిస్తూ సెటిల్‌మెంటు దస్తావేజు రాసి రిజిస్టరు చేయించింది. బాబు కోసం విల్లులో ట్రస్టు పెట్టింది. తన వాటా, దాచిన సొమ్ము అందులోకి వెళ్తాయి. తన అన్నను, సంఘపెద్ద ఒకరిని ట్రస్టీలుగా రాసింది. ట్రస్టీగా ఉండాలని చట్టం ఎవరినీ బలవంతపెట్టదు. కాబట్టి ఇద్దరినీ ముందే అడిగి ఒప్పించింది, వారిలో ఒకరు తప్పుకుంటే ఎవరు రావాలో కూడా రాసింది. బాబు బ్రదికినంతకాలం వైద్యానికి, పోషణకు, మనిషి జీతానికి ఖర్చు చేయాలి. తర్వాత మిగిలినది అమ్మాయికి.

సంరక్షకుని విషయం దగ్గర చిక్కొచ్చింది. మైనరు బిడ్డకు విల్లు ద్వారా సంరక్షకుని నియమించే అధికారం 1925 చట్టంలో తండ్రికే ఉంది. తల్లి ప్రస్తావన లేదు. నూరేళ్ల నాటి ఆ మాట ఇంకా అలాగే ఉండడం మాకు బాధగానే ఉంది. ఇక పద్దెనిమిదేళ్లు నిండినా సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం వంటివాటితో ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లా స్థాయి కమిటీ సంరక్షకుని నియమించగలదు. అమ్మకు అది కొంత ఊరట.

మరో సంగతి. బ్యాంకులో నామినీగా రాస్తే చాలు, డబ్బు వారిదే అయిపోతుందనుకుంటారు. కాదు. నామినీ డబ్బు తీసుకుంటారు, చట్టబద్ధ వారసులకు అప్పగించాలి. షేర్ల విషయంలో కూడా ఇదే మాట సుప్రీంకోర్టు 2023లో చెప్పింది.

విల్లు రాయడానికి స్టాంపు పేపరు అక్కరలేదు. ఇద్దరు సాక్షులు మాత్రం తప్పనిసరి. ఇక్కడ మా కాపరులు జాగ్రత్తపడాలి. సాక్షి సంతకం పెట్టినవారికి గానీ, వారి భార్యకు లేక భర్తకు గానీ ఆ విల్లులో ఏదైనా రాస్తే, మన చట్టం ప్రకారం ఆ భాగం చెల్లదు. భార్య పోయిన పెద్దాయన మళ్లీ వివాహం చేసుకుంటే, మునుపటి విల్లు రద్దయిపోతుంది. రిజిస్టరు చేసినదైనా అంతే. కొత్తది రాసుకోవాలి. రిజిస్ట్రేషన్ ఐచ్ఛికమే. కవరుకు సీలు వేసి జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచే వీలూ ఉంది. క్రైస్తవుల విల్లుకు ప్రొబేట్ తప్పనిసరన్న నిబంధనను 2002లోనే తొలగించారు.

దేవుని పనికి రాయదలచినవారికి ఒకప్పుడు పెద్ద ఆటంకం ఉండేది. దగ్గరి బంధువులున్న క్రైస్తవుడు మత, ధర్మ కార్యాలకు ఆస్తి రాస్తే, ఆ విల్లు చావుకు పన్నెండు నెలల ముందే రాసి, ఆరు నెలల్లో అప్పగించి ఉండాలనేది 118వ సెక్షను. కేరళకు చెందిన ఫాదర్ జాన్ వల్లమట్టం వేసిన వ్యాజ్యంలో 2003లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. ఇప్పుడా అడ్డు లేదు. అయినా, విల్లులో "మా సంఘానికి" అని ఊరకే రాస్తే తగవుకు తలుపు తెరిచినట్లే. ఏ సొసైటీ, ఏ ట్రస్టు, ఏ రిజిస్ట్రేషన్ నంబరు అన్నది రాయాలి. స్వతంత్ర సంఘాల్లో కాపరిగారి పేరున రాసే అలవాటుంది. ఆయన తదనంతరం ఆ స్థలం ఆయన పిల్లల ఆస్తి అవుతుంది, సంఘానిది కాదు. ఈ మాట చెప్పినందుకు కొందరు సేవకులు మాపై అలుగుతారని తెలుసు.

ఆ నర్సమ్మ కూతురికి ఈ ఏడాది పద్దెనిమిది నిండాయి. తమ్ముడి కోసం తానూ ట్రస్టీగా ఉంటానంటోంది. అందుకు విల్లుకు అనుబంధంగా ఒక కొడిసిల్ రాయించాలి. దానికీ ఇద్దరు సాక్షులు కావాలి. వచ్చే శనివారం మమ్మల్ని రమ్మన్నారు.