మెడనొప్పికి ఎవరి వద్దకు పోవలెను?

దినమంతా గుంతమగ్గంపై వంగి కూర్చుండే మనకు మెడనొప్పి, నడుమునొప్పి కొత్తవి కావు. తలను, వెన్నును మెల్లగా తాకి బాధ తీర్చే ‘క్రేనియోసేక్రల్’ చికిత్స చేయువారు మన్నాఏఖేళ్ళి చుట్టుపట్ల దొరుకుదురా అని సభ్యులు కొందరు మమ్ములను అడుగుచున్నారు.

ఈ పద్ధతిని 1970 తరువాత అమెరికా వైద్యుడు జాన్ అప్లెడ్జర్ ప్రచారంలోకి తెచ్చెను. ఇది నొప్పిని తగ్గించునని గట్టి రుజువు ఇంతవరకు లేదు. కావున బోర్డు చూచి పోరాదు. చికిత్స చేయువారు ఏమి చదివిరో, ఎక్కడ చదివిరో, ఎన్నిసార్లు రావలెనో, మొత్తం ఖర్చెంతో ముందే అడుగవలెను. నెలల సొమ్ము ముందుగా కట్టమనువారిని, డాక్టరు మందులు మానుమనువారిని నమ్మరాదు.

ఫిజియోథెరపీ వృత్తి 2021 నాటి కేంద్ర చట్టం క్రింద ఉన్నది. ఆ డిగ్రీ గలవారిని ముందు చూచుట మేలు. చేయి తిమ్మిరెక్కి నాడెపై పట్టు తప్పినా, కాళ్ళు బలహీనపడినా, మూత్రం ఆగినా లేక తెలియకుండా పోయినా ఆలస్యం చేయక బీదరులోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి పోవలెను. అట్టి స్థితిలో ఎవరిచేతా మెడ విరిపించుకొనరాదు.

అరగంటకొకసారి మగ్గం నుండి లేచి నాలుగడుగులు నడచుటకు ఖర్చు లేదు. ఆ అలవాటును ఇంటిల్లిపాదీ నేడే మొదలుపెట్టవలెనని మా మనవి.