గిటారు ఆంప్లిఫయరులో వాల్వులు మార్చుట

వాల్వు రేడియో ఉన్న ఇండ్లలో పెరిగినవారికి ఒక దృశ్యము జ్ఞాపకముండును. పాట సన్నగిల్లినప్పుడు రేడియో బాగుచేయువాడు వచ్చి, వెనుకనున్న అట్ట విప్పి, ఒక గాజు వాల్వును ఊడదీసి, అదే సంఖ్య గల క్రొత్తదానిని గ్రుచ్చి స్విచ్చి వేసెడివాడు. కొలుచుట లేదు, త్రిప్పుట లేదు. రెండు నిమిషములలో పాట మరల నిండుగా వినవచ్చెడిది. ఆ జ్ఞాపకముచేతనే కాబోలు, వాల్వు మార్చుట దీపము మార్చుటవంటిదే అను అభిప్రాయము మనలో నిలిచిపోయినది.

కొంతకాలము క్రిందట మాకు తెలిసిన యువకు డొకడు తన విద్యుత్ గిటారు ఆంప్లిఫయరులో అట్లే చేసెను. పాత వాల్వులను తీసి, క్రొత్త జతను పెట్టి, వాయించుటకు మొదలిడెను. ధ్వని బాగుగనే యుండెను. పావుగంట కాకమునుపే ఒక వాల్వు లోపలి ప్లేటు కొలిమిలోని ఇనుమువలె ఎర్రబారెను. మేము వెళ్లునప్పటికి ఫ్యూజు పోయి ఆంప్లిఫయరు మూగవోయి యున్నది. వాల్వులో దోషము లేదు. అమ్మినవారి మోసమును లేదు. చేయవలసిన పని ఒకటి మిగిలిపోయినది. దానినే బయాసు సరిచేయుట అందురు. అది యేమి, ఎందుకు అవసరము, ఇంటిలో చేయదలచినవారు ఎట్లు చేయవలెను అను విషయములను ఇచ్చట వివరించెదము.

ముందుగా వాల్వు సంగతి. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగు రెండు ధ్రువముల వాల్వును కనుగొనెను. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్టు దానికి మూడవ ధ్రువమును చేర్చెను. దానికే గ్రిడ్డు అని పేరు. గాలి తీసివేసిన గాజుబుడ్డిలో కాథోడు వేడెక్కి ఎలక్ట్రానులను వెదజల్లును. వందలకొలది వోల్టుల ధనవిద్యుత్తు గల ప్లేటు వానిని తనవైపునకు లాగికొనును. ఈ ప్రవాహమునకు గ్రిడ్డు కాలువ తూమునకు తలుపు వంటిది. గ్రిడ్డుపై ఋణవోల్టేజి పెంచినచో తలుపు దిగి ప్రవాహము తగ్గును. తగ్గించినచో తలుపు లేచి ప్రవాహము హెచ్చును. గిటారు తీగెనుండి వచ్చు అల్పమైన విద్యుత్ కదలిక ముందరి వాల్వులలో పెద్దదై, చివరి వాల్వుల తలుపును పైకి క్రిందికి ఆడించును. లౌడ్ స్పీకరులో మనకు వినబడునది ఆ ప్రవాహపు హెచ్చుతగ్గులే. వాయించువాడు ఊరకున్నప్పుడు ఆ తలుపు ఎంత తెరచియుండవలెనో నిర్ణయించు ఋణవోల్టేజియే బయాసు.

పాత రేడియోలలో చాలవానికి చివరి వాల్వు ఒక్కటే యుండెడిది. 6 వి 6, ఇ.ఎల్. 84 అట్టివే. తరచుగా ఆ వాల్వు కాథోడు వద్ద ఒక రెసిస్టరు నుంచెడివారు. వాల్వులో ప్రవాహము హెచ్చినచో ఆ రెసిస్టరుపై వోల్టేజియు హెచ్చును. అందుచే తలుపు కొంత దిగి ప్రవాహమును అరికట్టును. క్రొత్త వాల్వు కొంచెము దూకుడైనదైనను తన్ను తానే అదుపులో నుంచుకొనును. రేడియో బాగుచేయువాడు కొలువకుండుటకు కారణ మిదియే. 1950ల చివర ఇంగ్లండులో వెలసిన వాక్సు ఎ.సి. 30 అను ప్రసిద్ధ గిటారు ఆంప్లిఫయరులో నాలుగు ఇ.ఎల్. 84 వాల్వులును ఈ పద్ధతిననే పనిచేయును. అట్టివానిలో త్రిప్పుటకు మర యేదియు లేదు. ఒకదానికొకటి సరిపోలిన వాల్వులను పెట్టిన చాలును.

1963లో వచ్చిన అమెరికా దేశపు ఫెండరు డీలక్సు రివర్బు, 1962 మొదలు లండనులో తయారైన మార్షలు ఆంప్లిఫయరులలో పెక్కు, వేరొక పద్ధతివి. వీనిలో బయాసునకై ప్రత్యేకముగా ఋణవోల్టేజిని తయారుచేసి గ్రిడ్డులకు పంపుదురు. దీనికి స్థిరబయాసు అని పేరు. ఈ పేరే చాలమందిని తప్పుదారి పట్టించును. స్థిరమనగా ఎన్నడును సరిచూడ నక్కరలేనిదని యర్థము కాదు; వాల్వు తనంతట తాను మార్చుకొనజాలనిదని యర్థము. అందుచే వాల్వు మారినప్పుడు మనిషియే సరిచేయవలెను.

ఈ ఆంప్లిఫయరులలో చివరి వాల్వులు జతగా పనిచేయును. పెద్ద దుంగను కోయు రంపమునకు చెరియొక వైపున నిలిచిన ఇద్దరు కోతగాండ్రను తలచుకొనుడు. ఒకడు లాగునప్పుడు రెండవవాడు ఊరకుండును. పిమ్మట అతని వంతు వచ్చును. అయితే తన వంతు కానప్పుడు వాడు పిడిని పూర్తిగా విడిచినచో, మరల పట్టుకొనులోపల రంపము తొట్రుపడును. వంతు కానప్పుడును గట్టిగా బిగించి పట్టినచో ఇద్దరును త్వరలో అలసిపోవుదురు. పిడిపై తేలికపాటి పట్టు నిలుపుటయే నేర్పు. బయాసు ఆ పట్టు. అది చాలకున్నచో ఒక వాల్వు నుండి రెండవదానికి వంతు మారుచోట ధ్వని విరిగి, మెల్లగా వాయించునప్పుడు గరగర వినిపించును. మితిమీరినచో వాయింపకున్నను వాల్వులు కాగిపోయి, ప్లేటు ఎర్రబడి, ఆయువు క్షీణించును. ఒక్కొక్కప్పుడు ట్రాన్స్‌ఫార్మరును కూడ వెంట తీసికొనిపోవును.

ఒకే సంఖ్య గల రెండు వాల్వులు ఒకే తీరుగ నుండవా యని ప్రశ్నింపవచ్చును. ఉండవు. గ్రిడ్డు తీగె చుట్లలో వెండ్రుకవాసి భేదము చాలును. ఒకే బయాసునకు ఒకటి 30 మిల్లీ ఆంపియరులు లాగుచోట మరియొకటి 50 లాగవచ్చును. అందుకే వ్యాపారులు పరీక్షించి సరిజతలుగా అమ్ముదురు. ఆ రెండును ఒకదానికొకటి సరిపోలినవే కాని, మన ఆంప్లిఫయరునకు సరిపోలినవి కావు. మా యువకుడు పొరపడిన దిచ్చటనే.

పనిలో దిగుటకు ముందు ఒక హెచ్చరిక. దీనిని దాటి ఎవ్వరును ముందుకు పోరాదు. ఈ ఆంప్లిఫయరులలో 400 మొదలు 500 వోల్టుల వరకు విద్యుత్తుండును. ప్లగ్గు ఊడదీసినంత మాత్రమున అది పోదు. కెపాసిటరులలో చాలసేపు నిలిచియుండి, తాకినవారి ప్రాణము తీయగలదు. కనుక ప్లగ్గు ఊడదీసిన పిమ్మట, పెట్టె విప్పి, 10 వేల ఓముల, 5 వాటుల రెసిస్టరును చక్కగా కప్పిన తీగెలతోను క్లిప్పులతోను కెపాసిటరు ధనధ్రువమునకును ఛాసిసునకును నడుమ అరనిమిషము తగిలించి, విద్యుత్తును దింపవలెను. తరువాత మీటరుతో కొలిచి, వోల్టేజి పూర్తిగా దిగినదని కన్నులార చూడవలెను. స్క్రూడ్రైవరుతో టప్పున తాకించుట ప్రమాదకరము. విద్యుత్తున్నప్పుడు కొలువవలసి వచ్చినచో ఒక చేతినే వాడి, రెండవదానిని జేబులో నుంచుకొనుడు. ఒంటరిగా నున్నప్పుడు ఈ పని వలదు. మీటరు 600 వోల్టులకు పైగా కొలువగలదై యుండవలెను. అమెరికాలో 120 వోల్టులకు చేసిన ఆంప్లిఫయరును మన 230 వోల్టులకు నేరుగా తగిలింపరాదు. నడుమ తగిన ట్రాన్స్‌ఫార్మరు కావలెను.

ఇక పని క్రమము. మొదట లౌడ్ స్పీకరు తగిలించియున్నదో లేదో చూడవలెను. అది లేకుండ వాల్వు ఆంప్లిఫయరును వాయించినచో ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు చెడిపోవచ్చును. తరువాత చల్లారిన పాత వాల్వులను, గాజును గాక అడుగుభాగమును పట్టుకొని, మెల్లగా ఊడదీయవలెను. క్రొత్తవానిని పెట్టకమునుపే ఆంప్లిఫయరును వెలిగించి, చివరి వాల్వుల సాకెట్టులో గ్రిడ్డు కాలివద్ద వోల్టేజి కొలువవలెను. 6 ఎల్ 6, 6 వి 6, ఇ.ఎల్. 34 వాల్వులలో అది 5వ కాలు. అచ్చట ఋణవోల్టేజి కనబడవలెను. బయాసు మరను త్రిప్పి దానిని మిక్కిలి ఋణమగు స్థానమున ఉంచుడు. ఏ సాకెట్టులోనైన ఋణవోల్టేజి రానిచో క్రొత్త వాల్వును పెట్టవలదు. లోపము ఆంప్లిఫయరులోనే యున్నది. ఆర్పి, విద్యుత్తును మరల దింపి, అప్పుడు వాల్వులను గ్రుచ్చవలెను.

ఎంత ప్రవాహము ఉండవలెనో లెక్క వేయుట కష్టము కాదు. ప్రతి వాల్వు ప్లేటునకును ఓర్వగల వేడికి ఒక హద్దున్నది. 6 ఎల్ 6 జి.సి.కి 30 వాటులు, ఇ.ఎల్. 34కు 25 వాటులు. 6 వి 6 జి.టి.కి 12 వాటులు. ఊరకున్నప్పుడు ఆ హద్దులో నూటికి 70 వంతులు దాటకుండుట వాడుకలో నున్న నియమము. మన ఆంప్లిఫయరులో 6 ఎల్ 6 జి.సి. వాల్వులున్నవి, ప్లేటు వోల్టేజి 420 అనుకొందము. 30లో నూటికి 70 వంతులు 21 వాటులు. 21ని 420తో భాగించినచో 0.050 ఆంపియరు, అనగా 50 మిల్లీ ఆంపియరులు. ఇది పైహద్దు, చేరితీరవలసిన గమ్యము కాదు. 35 మొదలు 50 వరకు గల మేరలో చెవికి ఇంపైన చోట ఆగవచ్చును.

ఈ ప్రవాహమును కొలుచుటకు సులభమార్గ మొకటి కలదు. ప్రతి వాల్వు కాథోడునకును ఛాసిసునకును నడుమ ఒక్క ఓము రెసిస్టరు నుంచుదురు. అప్పుడు దానిపై కనబడు ప్రతి మిల్లీ వోల్టును ఒక మిల్లీ ఆంపియరునకు గుర్తు. 50 మిల్లీ వోల్టులు కనబడినచో 50 మిల్లీ ఆంపియరులు. దీనిలో స్క్రీను ధ్రువపు ప్రవాహము కొంత కలిసియుండుటచే ప్లేటు భాగము కొంచెము తక్కువయే. ఆ తప్పు మనలను కాపాడు తప్పు. అట్టి రెసిస్టరు లేనివారికి, వాల్వునకును సాకెట్టునకును నడుమ పెట్టి కొలుచు పరికరములు దొరకును. ఇంటిలో పనిచేయువారికి అవియే మేలు.

మీటరు తీగెలను, ఆంప్లిఫయరు ఆర్పి విద్యుత్తు దింపియుండగనే, క్లిప్పులతో తగిలింపవలెను. ధ్వని మరలను అడుగంట త్రిప్పి, వెలిగించి, మసక వెలుతురులో వాల్వులను చూచుచుండుడు. కాథోడు వద్ద నారింజరంగు సహజము. గాజుగోడపై కనబడు లేత నీలికాంతియు హానికరము కాదు. ప్లేటుపై ఎరుపు ఏ కొంచెము తోచినను తక్షణము ఆర్పవలెను. అంతయు సవ్యముగా నున్నచో బయాసు మరను రవంత త్రిప్పి, ఆగి, చూచి, మరల త్రిప్పుడు. ప్రవాహము హెచ్చినకొలది ప్లేటు వోల్టేజి తగ్గును. కనుక రెండింటిని మరల కొలిచి లెక్కను మరల వేయవలెను. పావుగంట కాగిన పిదప ఇంకొకసారి చూడవలెను. ఇంటి కరెంటు వేళనుబట్టి హెచ్చుతగ్గులగు ఊళ్లలో, వోల్టేజి హెచ్చుగా నుండు వేళ కొలుచుట క్షేమము. రెండు వాల్వులకును నాలుగైదు మిల్లీ ఆంపియరుల భేదమున్నను చింతింప నక్కరలేదు. అంతకు మిక్కిలి యైనచో ఆ జతను మార్చుకొనుట మంచిది.

వాల్వులను ఎప్పుడు మార్చవలెనని కొందరు అడుగుదురు. దీనికి తేదీ లేదు. ధ్వని బలహీనమైనను, క్రొత్తగా హుమ్మను శబ్దము పుట్టినను, వాల్వును చేతివ్రేలితో తట్టగా లోపల గలగల వినబడినను, గాజు తలమీది అద్దపుపూత పాలవలె తెల్లబడినను మార్చవలెను. తెల్లబడుట గాలి చొరబడినదనుటకు గుర్తు. ఫ్యూజు పదేపదే పోవుచున్నచో అంతకంటె పెద్ద ఫ్యూజు వేయుట మిక్కిలి చెడ్డపని. అది కావలివానిని పంపివేసి తలుపు తెరచి నిద్రించుటవంటిది. ఒకప్పుడు మన బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్సు సంస్థయు వాల్వులను తయారుచేసెడిది. నేడు స్లొవాకియా, రష్యా, చైనా దేశములనుండి వచ్చునవే యెక్కువ. దూరమునుండి, వెలపెట్టి తెప్పించుకొన్న జతను పావుగంటలో కాల్చివేసికొనుట తగదు.

అధిక వోల్టేజిని ఎన్నడును కొలిచి యెరుగనివారు ఈ పనిని అనుభవము గల మెకానికునకు అప్పగించుటయే మంచిది. అందు చిన్నతనము లేదు. అయినను అతనిని రెండు ప్రశ్నలు తప్పక అడుగుడు: ప్లేటు వోల్టేజి ఎంత వచ్చినది? ఒక్కొక్క వాల్వు ఎన్ని మిల్లీ ఆంపియరులు లాగుచున్నది? ఆ అంకెలను, తేదీతో కూడ, ఒక కాగితపు ముక్కపై వ్రాసి పెట్టె లోపలి గోడకు అంటింపుడు. మరల వాల్వులు మార్చునాడు ఆ ముక్కయే దారి చూపును. మా యువకుని ఆంప్లిఫయరులో ఇప్పు డట్టి ముక్క యొకటి యున్నది. దానిపై మొదటి పంక్తి అతడే వ్రాసినాడు: ముందు కొలువుము, తరువాత వాయింపుము.