బుజ్జిగాడే చెప్తాడు... కాస్త ఆగండి!

సీలేరులో వాన పట్టుకుందంటే ఓ పట్టాన వదలదు. కొండల మీద మబ్బు కదలదు, దండెం మీద గుడ్డ ఆరదు. ఇంట్లో ఏడాదిన్నర పిల్లాడున్నాడా, ఇక చెప్పేదేముంది! పొయ్యి చుట్టూ పాతచీర ముక్కలే తోరణాలు. 'ఉచ్చ వస్తోందని వీడెప్పుడు చెప్తాడో, నాకీ గుడ్డల చాకిరీ ఎప్పుడు తప్పుతుందో' అని ఆ తల్లి అనుకోని రోజుండదు. అదే ఊళ్లో, 1960ల చివర్లో జలవిద్యుత్ కేంద్రం రావడంతో వెలసిన క్వార్టర్లలో అయితే గుడ్డకు బదులు డైపర్. దాని ఖర్చు చూసి అక్కడి తల్లి నిట్టూర్పు. గుడ్డయినా డైపరయినా ఇద్దరి ప్రశ్నా ఒక్కటే... ఎప్పుడు మొదలుపెట్టాలి?

పెద్దవాళ్లనడిగితే 'మేం ఆర్నెల్లకే అలవాటు చేశాం' అంటారు. అబద్ధం కాదు. అమ్మమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని, పాదాల మీద పసిదాన్ని కూర్చోబెట్టి 'ఉస్స్...' అనేది. కాసేపటికి పని అయిపోయేది. మన ఇళ్లలోనే కాదు, తూర్పు ఆఫ్రికాలోని డిగో తెగ తల్లులూ ఇంచుమించు ఇలాగే కాళ్ల మధ్య బిడ్డను కూర్చోబెట్టుకుని శబ్దం చేస్తారనీ, అయిదారు నెలలకల్లా ఆ పిల్లలు పక్క తడపడం మానేస్తారనీ 1977లో ఇద్దరు పరిశోధకులు పీడియాట్రిక్స్ అనే వైద్యపత్రికలో రాశారు. అయితే ఇందులో ఓ మెలిక ఉంది. అక్కడ శిక్షణ పొందేది బిడ్డకన్నా తల్లి! బిడ్డ ముఖం ముడిచినా, కాళ్లు కొట్టుకున్నా కనిపెట్టి గబుక్కున ఎత్తుకునే మనిషి రోజంతా దగ్గరుండాలి. కాఫీ పళ్ల కోతకో, పోడు పనికో వెళ్లే తల్లికీ, ఉద్యోగానికి వెళ్లే తల్లికీ ఆ తీరిక ఏదీ? అందుకే అత్తగారి మాటను కొట్టిపారేయకండి, అలాగని మీ వల్ల కాలేదని బాధా పడకండి.

బిడ్డ తనంతట తాను చెప్పి, ఆపుకొని, వెళ్లడం మాత్రం వేరే సంగతి. దానికి కండరాల మీద పట్టు రావాలి, మాట రావాలి, 'నేను' అనే భావం రావాలి. అవి ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్య ఒక్కో బిడ్డకు ఒక్కోసారి వస్తాయి. అమెరికా వైద్యుడు బ్రాజెల్టన్ 1962లో 1170 మంది పిల్లల వివరాలు ప్రకటించారు. బలవంతం లేకుండా, బిడ్డ సిద్ధమయ్యాకే నేర్పితే పగటి అలవాటు సగటున 28.5 నెలలకు వచ్చిందట. మరి తొందరపడితే? 2003లో అచ్చయిన మరో అధ్యయనం ప్రకారం, ముందు మొదలుపెట్టినవాళ్లు కాస్త ముందే ముగిస్తారు కానీ, మధ్యలో పట్టే నెలలు మాత్రం పెరుగుతాయి. అంటే వానాకాలంలో ఉతికే గుడ్డలు తగ్గకపోగా, అదనంగా ఇంట్లో గొడవ!

ఇంతకీ సిద్ధమయ్యాడని ఎలా తెలుస్తుంది? ఒకేసారి రెండు గంటలు పొడిగా ఉంటున్నాడా చూడండి. పని పడినప్పుడు మూలకో, తలుపు చాటుకో వెళ్లి గొంతుకూర్చుంటున్నాడా? తడిసిన గుడ్డ లాక్కుని మొహం చిట్లిస్తున్నాడా? 'చెంబు తే' అంటే తెస్తున్నాడా? నిక్కరు కిందికి లాగగలుగుతున్నాడా? వీటిలో చాలావాటికి అవుననే జవాబొస్తే మొదలెట్టొచ్చు.

కాలం కూడా చూసుకోవాలి మరి. ఈ కొండల్లో వేసవి మంచిది. పిల్లాడు గోచీ లేకుండా తిరిగినా చలి పట్టదు, తడిసినవి ఇట్టే ఆరిపోతాయి. నవంబరు, డిసెంబరు చలిలో పెద్దవాళ్లకే మాటిమాటికీ బయటికెళ్లాల్సి వస్తుంది, పసివాళ్ల సంగతి చెప్పాలా! పైగా అవి కాఫీ కోత రోజులు. తమ్ముడో చెల్లో పుట్టబోతున్నప్పుడూ, జ్వరం నుంచి తేరుకుంటున్నప్పుడూ వద్దు.

పద్ధతి కష్టమేం కాదు. ముందు మాట ఖాయం చేసుకోండి. ఉచ్చ, కక్క, ఆయి... మీ ఇంట్లో ఏదంటే అది, అందరూ అదే అనాలి. తాత ఒకటీ, నాన్న ఒకటీ అంటే బిడ్డకు అయోమయం. పొద్దున్న లేవగానే, తిన్న పావుగంటకు, నిద్రకు ముందు కూర్చోబెట్టండి. అయిదు నిమిషాలు చాలు, రాకపోతే లేపేయండి. పాటీ సీటు కొంటే మంచిదే, లేకపోతే వెడల్పాటి పాత బేసిను చాలు. పెద్ద పిల్లలున్న ఇంట్లో సగం పని వాళ్లే చేసిపెడతారు. అక్క వెంట వెళ్లి, అక్కలాగే కూర్చుంటుంది చెల్లి. మగపిల్లలకు మొదట కూర్చునే నేర్పండి, నిలబడటం తర్వాత. ఆడపిల్లలకు కడిగేటప్పుడు ముందు నుంచి వెనక్కి కడగాలి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రాకుండా. అయినప్పుడు 'అబ్బో!' అనండి. కానప్పుడు, నేలంతా అయినప్పుడు... ఏమీ అనకండి. ఇది చెప్పినంత తేలిక కాదని మాకూ తెలుసు, కానీ వీపు మీద ఒక్క దెబ్బ పడితే బిడ్డ మూత్రంతోపాటు మలాన్నీ బిగబట్టుకోవడం మొదలెడుతుంది. బిగబడితే గట్టిపడుతుంది, గట్టిపడితే నొప్పి, నొప్పి భయానికి మళ్లీ బిగబట్టడం. ఈ చక్రంలో పడితే బయటకు రావడానికి నెలలు పడుతుంది. అప్పుడు శిక్షణ ఆపేయాలి. నీళ్లు, అరటిపండు, బొప్పాయి, ఆకుకూరలు ఇవ్వాలి. తగ్గకపోతే డాక్టరు.

మరో భయం, మరుగుదొడ్డి. 2014లో స్వచ్ఛభారత్ మొదలయ్యాక కొండ గూడేల్లోనూ మరుగుదొడ్లు కట్టారు. కానీ రెండేళ్ల బిడ్డ కళ్లతో చూడండి. ఇంటికి ఎడంగా చీకటి గది, నడుమ కన్నం, అటో కాలూ ఇటో కాలూ వెయ్యలేనంత ఎడంగా మెట్లు. లోపల పడిపోతానని ఏడ్వడంలో తప్పేముంది? అందుకే మొదట పెరట్లో బేసినులోనే కూర్చోబెట్టి, అందులోది మరుగుదొడ్లో పోసి రావడం నయం. కొన్నాళ్లకు బిడ్డతోనే నీళ్లు పోయించండి. తర్వాత తలుపు తెరిచి ఉంచి, రెండు చేతులూ పట్టుకుని కూర్చోబెట్టండి.

పోసి రావడమనే ఆ చిన్నపని దగ్గరే చాలా ఇళ్లలో పొరపాటు జరుగుతుంది. 'పసిబిడ్డది కదా, ఏం కాదులే' అని దిబ్బ మీదో, గెడ్డ గట్టునో పారేస్తారు. పసివాళ్ల మలంలోనూ విరేచనాలు తెచ్చే క్రిములూ, నులిపురుగుల గుడ్లూ ఉంటాయి. కొండ మీద పడ్డ వాన పల్లానికే కదా వస్తుంది. పై గూడెంలో పారేసింది కింది గూడెం బిందెలోకి చేరడానికి ఒక్క వాన చాలు. మరుగుదొడ్డి లేని ఇంటివాళ్లు నీళ్లకు దూరంగా గొయ్యి తీసి కప్పెట్టాలి. కడిగిన చేతిని సబ్బుతో రుద్దాలి, బిడ్డ చేతులూ రుద్దాలి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్‌తోపాటు జింకు బిళ్లలు 14 రోజులు వెయ్యాలి, మధ్యలో తగ్గినా సరే. ఏడాది దాటినవాళ్లకు అంగన్‌వాడీలో ఇచ్చే నులిపురుగుల మందు వదలొద్దు.

ఇక రాత్రి పక్క తడపడం. పగలు నేర్చుకున్నవాడు రాత్రీ నేర్చుకున్నట్టు కాదు, అది వేరే లెక్క. అయిదేళ్లొచ్చినా నూటికి సుమారు 15 మంది పక్క తడుపుతూనే ఉంటారు. నాన్నకో మేనమామకో చిన్నప్పుడు ఉంటే పిల్లాడికీ రావచ్చు, ఆ సంగతి మామయ్య ఒప్పుకోకపోవచ్చు! కంబళి కింద రబ్బరు షీటు వేసి ఊరుకోవడమే మందు.

తమ్ముడు పుట్టగానే అన్నీ మర్చిపోయే పిల్లలూ ఉంటారు. కొన్ని వారాల్లో మళ్లీ దారిలో పడతారు. అయితే నాలుగేళ్లు దాటినా పగలు అసలు అలవాటు కాకపోయినా, మూత్రానికి ఏడుస్తున్నా, చుక్కచుక్కగా వస్తున్నా, మలంలో నెత్తురు కనిపించినా, బాగా ఉన్నవాడు ఉన్నట్టుండి మళ్లీ తడుపుతూ విపరీతంగా నీళ్లు తాగుతున్నా సంత రోజు దాకా ఆగొద్దు. ఆశ కార్యకర్తకు చెప్పి ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి.