లారీ రూపంపై నిబంధనల ముద్ర: నిజామాబాద్ సరకు రవాణా నేపథ్యంలో ఒక పరిశీలన

బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారానికి తొలినాళ్లలో చెరకు ఎడ్లబండ్ల మీద చేరేది. బండికి గాలితో పేచీ లేదు. తరువాత వచ్చిన, గడలు ఇరువైపులా వేలాడే ట్రాక్టరుకూ దాదాపు అంతే. కాని నిజామాబాద్ మార్కెట్లో పసుపు బస్తాలు ఎత్తుకొని 44వ జాతీయ రహదారి ఎక్కిన లారీ ప్రతి కిలోమీటరులోనూ గాలితో పెనుగులాడుతుంది. అయినా దాని ముఖం గోడలా నిలువుగానే ఉంటుంది. ఇది ఇంజనీర్ల అజ్ఞానం కాదు. దీని మూలం చాలావరకు నిబంధనల్లో ఉంది.

వాహనం పొడవును ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలన్నది ఇక్కడ కీలకం. ఐరోపాలో 1996 నాటి ఆదేశం ట్రాక్టరు, సెమీ ట్రెయిలరు కలిపి 16.5 మీటర్లకు మించరాదన్నది. క్యాబిన్ ముందుకు సాగితే ఆ మేరకు సరకు స్థలం తగ్గుతుంది కాబట్టి డ్రైవరు ఇంజను మీదికి ఎక్కాడు, ముఖం చదునైంది. అమెరికాలో 1982 చట్టం ప్రధాన రహదారులపై ట్రెయిలరు పొడవునే లెక్కించింది. అక్కడ పొడుగు ముక్కు లారీలదే పైచేయి అయింది. ఐరోపా 2015లో తన ఆదేశాన్ని సవరించి, సరకు స్థలం తగ్గకుండానే ముక్కు సాగదీసుకోవడానికి అవకాశమిచ్చింది. 2021లో డాఫ్ సంస్థ అటువంటి క్యాబిన్‌ను విడుదల చేసింది.

మన కేంద్ర మోటారు వాహన నియమావళి (1989) కూడా మొత్తం పొడవునే కొలుస్తుంది. ట్రెయిలరు లేని లారీకి పరిమితి 12 మీటర్లు, వెడల్పు 2.6 మీటర్లు, ఎత్తు 2020లో 3.8 నుంచి 4 మీటర్లకు పెరిగింది. సరకు స్థలాన్ని ముక్కుకు ధారపోసే లారీని కొనేవారెవరు?

బరువు, వేగాల నిబంధనలూ ఈ లెక్కలోకి వస్తాయి. మూడు ఇరుసుల లారీ అనుమతి బరువు 2018లో 25 నుంచి 28.5 టన్నులకు పెరిగింది. అటువంటి లారీకి ముఖ వైశాల్యం 9 చదరపు మీటర్లు, గాలి నిరోధ గుణకం 0.8, చక్రాల దొర్లుడు నిరోధ గుణకం 0.008 అనుకుందాం. దొర్లుడు నిరోధం సుమారు 2,240 న్యూటన్లు. గాలి నిరోధం గంటకు 40 కిలోమీటర్ల వేగంలో 530, 60లో 1,200, 80లో 2,130 న్యూటన్లు. సరకు దింపి 10 టన్నుల బరువుతో ఖాళీగా తిరిగొస్తే దొర్లుడు నిరోధం 800కు లోపే. అప్పుడు 80 కిలోమీటర్ల వేగంలో ఇంధనాన్ని ప్రధానంగా తినేది గాలే.

2017లో ప్రకటించిన ఇంధన వినియోగ ప్రమాణాలు 12 టన్నులు మించిన లారీలను 40, 60 కిలోమీటర్ల స్థిరవేగాల వద్ద పరీక్షిస్తాయి. వేగ నియంత్రకం మాత్రం 80 వరకు అనుమతిస్తుంది. అంటే గాలి నిరోధం దాదాపు రెట్టింపయ్యే ఆ పై మెట్టును పరీక్ష చూడనే చూడదు. క్యాబిన్‌ను నున్నగా చేసిన తయారీదారుకు అక్కడ దక్కవలసిన ఫలం పరీక్షలో కనిపించదు. ఈ వెలితి నాకు పొడవు నిబంధన కన్నా పెద్దదిగా తోస్తుంది.

అలాగని ఐరోపా నమూనాను బోధన్ దారుల మీదికి దించడమూ అసంగతమే. 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడ్డాక బోధన్ ప్రాంతపు చెరకు మరింత దూరం పోవలసి వచ్చింది. అయినా నెమ్మదిగా సాగే చెరకు ట్రాక్టరుకు గాలి మళ్లింపు రేకులతో ఒరిగేది అత్యల్పం. అక్కడ టైర్ల గాలి, రోడ్డు స్థితి ముఖ్యం. పసుపు లారీ సంగతి వేరు. క్యాబిన్ ఎంత నున్నగా ఉన్నా, దాని వెనుక బస్తాలు ఎగుడుదిగుడుగా పేర్చి, వదులుగా కట్టిన టార్పాలిన్ రెపరెపలాడుతుంటే ఆ నునుపు ఫలితం చాలావరకు అక్కడే హరించుకుపోతుంది.