నలుగుపిండి: ఇంటి శాస్త్రం, చేతి కానుక

తెలుగువారి ఇండ్లలో పిల్లలు బుద్ధెరిగిన తరువాత వినే తొలి కథలలో ఒక స్నానపు కథ ఉన్నది. పరమేశ్వరుడు ఇంట లేని వేళ పార్వతీదేవి అభ్యంగనస్నానానికి సిద్ధపడుతూ, చేతనున్న నలుగుపిండితో ఒక బాలుని బొమ్మ చేసి, ప్రాణం పోసి, వాకిట కావలి నిలిపినది. వినాయకచవితినాడు అక్షతలు చేతపట్టుకొని ఈ కథ వినేవారిలో ఆ పిండి ఏమిటని అడిగినవారు ఒకప్పుడు లేరు. ప్రతి ఇంటా ఏదో ఒక డబ్బాలో అది ఉండేది. నేడు ఆ ప్రశ్న అడిగే పిల్లలు ఉన్నారు. అడగడం మంచిదే. అయితే దానికి పెద్దలు చెప్పదగిన సమాధానం ఒకటి ఉన్నది. చాలాకాలంగా చెపుతూ వచ్చినదీ, ఇకముందు చెప్పకూడనిదీ మరొకటి ఉన్నది. ఈ రెంటినీ వేరుచేసి చూడడం అవసరం.

నలచుట అంటే రుద్దుట, నలుపుట. ఒంటికి నూనె పట్టించి, ఆపైన రుద్దే పిండి కనుక అది నలుగుపిండి అయినది. సున్నిపిండి అన్నా అదే. పెసలు, శనగలు, బియ్యం వంటి గింజల పిండికి పసుపు, కచ్చూరాలు, ఎండిన పూలరేకులు కలిపితే సున్నిపిండి. తెలుగువాని జీవితంలో దీనికి తావులేని శుభకార్యం లేదు. పురిటిస్నానానికి అది కావాలి. పెండ్లికూతురిని, పెండ్లికుమారుని చేసేటప్పుడు కావాలి. పెండ్లి తరువాత వధూవరులు ఒకరికొకరు నలుగు పెట్టుకొనేటప్పుడు ముత్తయిదువలు పాడే పాటలకు నలుగుపాటలనే పేరే స్థిరపడినది. నరకచతుర్దశి తెల్లవారుజామున, భోగినాడు, ఉగాదినాడు తలంటి పోసే చేతికి మొదట అందవలసినది నూనెగిన్నె, తరువాత అందవలసినది పిండిగిన్నె.

ఈ ఆచారం ఊరికే పుట్టినది కాదు. వాగ్భటుని అష్టాంగహృదయంలో దినచర్యను చెప్పే అధ్యాయం అభ్యంగాన్ని, వ్యాయామాన్ని చెప్పి, ఆ వరుసలోనే ఉద్వర్తనాన్ని చెప్పినది. ఉద్వర్తనమంటే చూర్ణాలతో ఒంటిని రుద్దడమే. వరాహమిహిరుని బృహత్సంహితలో పరిమళద్రవ్యాల కూర్పుకై గంధయుక్తి అనే అధ్యాయమే ఉన్నది. శాస్త్రజ్ఞులు శ్లోకాలలో పెట్టినదానిని ఇంటి స్త్రీలు తిరుగలిలో, జల్లెడలో, గుప్పెడు కొలతలో నిలుపుకొన్నారు. మైసూరు సంస్థానంలో ప్రభుత్వ సబ్బుల కర్మాగారం ఇరవయ్యవ శతాబ్దంలో వెలసినది. అంతకుముందు ఎన్నో తరాలు ఒంటికి సున్నిపిండితో, తలకు కుంకుడుకాయతో, శీకాయతో శుభ్రత సాధించినవన్న సంగతి విద్యార్థులు గుర్తుంచుకోదగినది.

ఇంతకూ ఆ పిండి చేసే పని ఏమిటి? చర్మపు పైపొరలో అన్నిటికంటె బయట ఉండేవి ప్రాణంలేని కణాలు. లోపల పుట్టిన కణాలు క్రమంగా పైకి జరుగుతూ, ఇంచుమించు నాలుగు వారాలలో ఎండి రాలిపోతవి. చెమట, ధూళి, శరీరం స్రవించే జిడ్డు ఈ కణాలతో కలిసి ఒంటిమీద మట్టిగా పేరుకొంటవి. జిడ్డు నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ముందు నూనె పట్టించడం. నూనె పాతజిడ్డును వదులుచేసిన తరువాత, పొడిపిండి ఆ నూనెను పీల్చుకొంటుంది. పప్పుగింజలలోని మాంసకృత్తులు, కొద్దిపాటి సపోనిన్లు నీటికి, నూనెకు మధ్య సంధి కుదురుస్తవి. కుంకుడుకాయ నురుగుకు కారణమైనవి కూడా ఈ సపోనిన్లే. పిండిలోని సన్నని పలుకు చనిపోయిన కణాలను మెల్లగా దొర్లించి తీసివేస్తుంది. నూనె యావత్తూ పోదు. పలుచగా కొంత మిగిలి చర్మాన్ని పగలకుండా కాపాడుతుంది. చలికాలపు పండుగలకు ఈ స్నానం అంతగా అతకడానికి ఇదొక కారణం.

పాఠశాలలో దీనిని పరీక్షించి చూపడం కష్టం కాదు. పసుపును కొద్దిగా స్పిరిటులో కలిపి, ఆ ద్రవంలో వడపోతకాగితం తడిపి నీడన ఆరబెట్టాలి. ఆ కాగితం ముక్కను సబ్బునీటిలో ముంచితే ఇటుకరంగు తిరుగుతుంది. సబ్బుకు క్షారగుణం ఉన్నది కనుక అట్లా జరుగుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసినా, హారతిపళ్లెంలో ఎర్రనీళ్లు కలిపినా జరిగే మార్పు ఇదే. ఇప్పుడు సున్నిపిండిని నీటిలో కలిపి, వడగట్టి, ఆ నీటిలో మరొక ముక్కను ముంచాలి. అది పచ్చగానే ఉంటుంది. ఆరోగ్యవంతమైన చర్మం పైభాగం కొంచెం ఆమ్లగుణం కలది. క్షారం ఎక్కువైన సబ్బు పదే పదే తగిలితే కొందరి చర్మం బిగుసుకొని పొడిబారడానికి గల కారణం ఈ రెండు కాగితపు ముక్కలతో పిల్లలకు బోధపడుతుంది.

ఇది చెప్పదగిన సమాధానం. చెప్పకూడని సమాధానం మరొకటి. నలుగు పెడితే రంగు తేలుతుందన్న మాట తెలుగు లోగిళ్లలో తరతరాలుగా వినవచ్చేదే. చామనచాయ పిల్ల పుట్టినదని పురిటిగదిలోనే నిట్టూర్చి, నలుగుతో బాగుపడుతుందిలే అని ఊరడించే పెద్దవారున్నారు. పెండ్లిచూపులు నిశ్చయం కాగానే పిల్లను ఉదయం సాయంత్రం పిండితో రుద్దే ఇండ్లున్నవి. ఆ మాటలో ప్రేమ లేదని ఎవరూ అనరు. కాని ఆ ప్రేమ వెనుక పిల్లకు వినిపించే తీర్పు ఒకటి ఉన్నది: నీవు ఉన్నదున్నట్లుగా చాలవు అని. అద్దం చూచుకొనే ప్రతిసారీ ఆ తీర్పు మనసులో పలుకుతుంది. పదేండ్లు రుద్దినా రంగు మారకపోతే, లోపం పిండిది కాదు, తనదేనని ఆ పిల్ల అనుకొంటుంది.

నిజానికి మనిషి రంగుకు మూలం మెలనిన్ అనే వర్ణకం. చర్మపు పైపొర అడుగున ఉన్న కణాలు దానిని తయారుచేస్తవి. ఆ కణాల సంఖ్య తెల్లవారిలోనూ నల్లవారిలోనూ ఇంచుమించు సమానమే. అవి చేసే వర్ణకం పరిమాణంలో, రకంలోనే భేదం. పైన రుద్దే ఏ పిండికీ ఆ అడుగును అందుకొనే శక్తి లేదు. రుద్దిననాడు కనిపించే తేట, పేరుకొన్న మట్టి, మృతకణాలు పోవడం వలన కలిగినదే. పైగా అతిగా రుద్దితే చర్మం ఒరుసుకొని, ఆ ఒరిపిడి మానేటప్పుడు అక్కడ మరింత నల్లని మచ్చ మిగులుతుంది. గోధుమవన్నె, నల్లవన్నె చర్మాలలో ఈ లక్షణం మరీ ఎక్కువ. రంగు తేలాలని రుద్దిన చేయే రంగును ముదురుచేస్తుందన్నమాట.

వ్యాపారం ఈ బలహీనతను బాగుగా గ్రహించినది. 1975లో మనదేశపు అంగళ్లలోకి వచ్చిన ఒక ప్రసిద్ధ లేపనం, మేనిఛాయ తెలుపునే తన పేరులో పెట్టుకొని నాలుగున్నర దశాబ్దాలు అమ్ముడై, చివరకు 2020లో ఆ మాటను పేరునుంచి తొలగించుకొన్నది. అంగడి తన సీసామీది పేరు మార్చుకొన్నది. ఇంటిలోని మాట మార్చుకోవలసిన బాధ్యత ఇంటివారిది. ఎండలో, నేలమీద బతికిన జాతికి మెలనిన్ అవమానం కాదు. ఎండదెబ్బనుంచి చర్మాన్ని కాపాడే గొడుగు. కృష్ణుని, ద్రౌపదిని నల్లనివారని చెప్పి కొలిచిన దేశంలో ఈ సంగతి వేరుగా బోధించవలసి రావడమే వింత.

రంగు మాట పక్కన పెడితే పిండి విలువ తగ్గదు, పెరుగుతుంది. శుభ్రత, సువాసన, చేతిస్పర్శ అనే మూడే దాని నిజమైన గుణాలు. ఆ మూడింటికోసం దానిని చేసికొనే విధం ఇది. పెసలు 500 గ్రాములు, శనగపప్పు 250, బియ్యం 100, కచ్చూరాలు 50, ఎండిన గులాబీరేకులు 50, ఎండిన నారింజతొక్కలు 25, పసుపుకొమ్ములు 25 గ్రాములు తీసికొంటే సరిగా ఒక కిలో అవుతుంది. గింజలను ఏరి, అన్నిటినీ విడివిడిగా ఎండబెట్టాలి. పూలరేకులను మాత్రం నీడన ఆరబెట్టాలి. చేతితో నలిపితే గలగలమనాలి. కచ్చూరాలు, పసుపుకొమ్ములు గట్టివి కనుక ముందు రోటిలో కచ్చాపచ్చాగా దంచాలి. తరువాత అన్నీ కలిపి మరపట్టించాలి. మరలో అంతకుముందు ఎండుమిరపకాయలు ఆడించి ఉండరాదు! పిండి చల్లారిన పిదప సన్నజల్లెడ పట్టాలి. జల్లెడ దాటిన మెత్తనిపిండి ముఖానికి, మెడకు. జల్లెడలో మిగిలిన రవ్వ మోచేతులకు, మడమలకు. ఈ విభజన తెలియకనే చాలమంది ముఖాన్ని గీరుకొంటున్నారు.

వాడుకలో కొన్ని జాగ్రత్తలున్నవి. తడిచేయి డబ్బాలో పెట్టరాదు. నీటితోగాని పెరుగుతోగాని కలిపిన ముద్దను ఆ పూటకే వాడి, మిగిలినది పారవేయాలి. పిండి తడిసి నిలువ ఉంటే సూక్ష్మజీవులకు విందు. పుండు, గజ్జి, మొటిమలు ఉన్నచోట రుద్దరాదు. కొందరు కలిపే బావంచాలలో సోరలిన్ అనే పదార్థం ఉన్నది. అది చర్మానికి తగిలి ఎండ సోకితే బొబ్బలు లేవవచ్చు. పచ్చి నిమ్మరసం పూసికొని ఎండలోకి పోయినా ఇదే ప్రమాదం. కండ్లు చెదిరే పసుపుపచ్చని పొడిని అనుమానించాలి. సీసం గల క్రోమేటును పసుపులో కలిపే దుర్మార్గం బయటపడి ఉన్నది. మెరుగుపెట్టని మట్టివన్నె కొమ్ములను తెచ్చి దంచుకోవడం మేలు. పసిపిల్లల విషయంలో మరీ మెలకువ అవసరం. వారి చర్మం పలుచన. పిండిముద్దతో నూగు రాలేటట్లు రుద్దడం వలన వెంట్రుకలు శాశ్వతంగా పోవు, చర్మం మాత్రం కందుతుంది. పొడిపిండి గాలిలో లేచి ఊపిరితో లోపలికి పోవడమూ మంచిది కాదు. శిశువుకు నూనెతో మెత్తగా నిమిరి, గోరువెచ్చని నీళ్లు పోయడం చాలు.

ఒంటిని రుద్దే సరకులు నేడు అంగడిలో రంగురంగుల సీసాలలో దొరుకుతున్నవి. వాటిలో కొన్నింటిలో రవ్వకు బదులు సూక్ష్మమైన ప్లాస్టిక్ పూసలు కలిపేవారు. స్నానపునీటితో కాలువలకు, నదులకు, సముద్రానికి చేరి, చేపల కడుపులలో తేలిన ఆ పూసలను కడిగివేసే సరకులలో వాడరాదని అమెరికా 2015లో శాసనం చేసినది. బ్రిటన్ 2018లో నిషేధించినది. పెసరరవ్వ కాలువలో పడితే మట్టిలో కలుస్తుంది. దానిని నిషేధించవలసిన అవసరం ఏ దేశానికీ రాదు. పప్పులు సరిపడనివారు రెండు వంతుల పంచదారకు ఒక వంతు కొబ్బరినూనె కలిపి చేతులకు, కాళ్లకు రుద్దుకోవచ్చు. పంచదార పలుకు నీరు తగలగానే కరిగిపోతుంది కనుక ఎక్కువగా గీరుకొనే భయం తక్కువ. నూనె ఒలికిన నేలమీద కాలు జారకుండా చూచుకొంటే చాలు.

సున్నిపిండి మొదటినుంచీ కానుకే. పుట్టింటినుంచి బాలింతకు పోయే మూటలో, పండుగకు ఆడపడుచుకు పంపే సంచిలో, వసతిగృహానికి పోయే కొడుకు పెట్టెలో దానికి చోటుండేది. విదేశాలకు పోయే పిల్లల సామానులో ఆవకాయ జాడీ పక్కన ఆ పొట్లం నేటికీ కనిపిస్తుంది. కొని ఇచ్చిన వస్తువులో డబ్బు ఉంటుంది; చేసి ఇచ్చిన వస్తువులో ఏరిన పూట, ఎండలో తిరగవేసిన మధ్యాహ్నం, జల్లించిన సాయంత్రం ఉంటవి. పుచ్చుకొన్నవారికి వాసన రూపంలో అందేది ఆ శ్రమే.

ఏ పాఠశాలలోనైనా ఒక తరగతి పిల్లలు పైన చెప్పిన కిలోపిండిని చేస్తే, నూరేసి గ్రాముల పొట్లాలు పది వస్తవి. తూకం, నిష్పత్తి గణితపాఠం అవుతుంది; పసుపుకాగితం రసాయనపాఠం అవుతుంది. ఆడపిల్లలే చేయాలన్న నియమం ఏమీ లేదు. రోకలికి ఆ భేదం తెలియదు. ప్రతి పొట్లంమీదా మూడు సంగతులు పిల్లల చేతనే వ్రాయించాలి: లోపల ఏమేమి ఉన్నవి, ఏనాడు చేసినది, ఎట్లా వాడవలెను. పప్పు, పసుపు సరిపడనివారు ముందే తెలిసికొంటారు. మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి, ఒక రోజు ఆగి చూచి వాడుమని సూచన చేర్చడం మరీ మంచిది.

ఆ చీటీమీద నాలుగవ సంగతిగా రంగు మాట ఎక్కడా రాకుండా చూచుకోవడం ఉపాధ్యాయుని పని. అమ్మమ్మల చేతినుంచి అందుకొనదగినది కొలత, ఓపిక, ఆప్యాయత. నీవు నల్లనిదానవన్న నిట్టూర్పు అక్కడితో ఆగిపోవాలి. జల్లెడ పట్టడమంటే పనికివచ్చేదానిని కిందికి దింపి, గరుకైనదానిని పైననే నిలిపివేయడం. పిండికి చేసే ఆ పని మాటకు కూడా చేయగలిగిన ఇంటిలో నలుగుపెట్టే చేయి పిల్ల వీపుమీద నిజంగా చల్లగా ఉంటుంది.